గౌతమి లంగరెత్తేదాకా

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున అలమీడా అనే దీవి ఊరు ఉంది. అక్కడి రేవులో ఆరేళ్లుగా మా పడవ కట్టి ఉంది. పేరు గౌతమి. 1984లో తైవాన్‌లో కట్టిన 38 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. ఇల్లు ఖాళీ చేసి, ఉద్యోగాలు మానేసి, ఇందులోనే కాపురం పెట్టి దక్షిణానికి బయలుదేరాలని మేమిద్దరం మూడేళ్ల కిందట నిర్ణయించుకున్నాం. ముందు శాండియాగో, తర్వాత మెక్సికో తీరం. వచ్చే వసంతానికి అంతా కుదిరితే పసిఫిక్ దాటి మార్కేసాస్ దీవులు. నాకు 56 ఏళ్లు, మా వారికి 59. బయలుదేరే ముందు నెలలో రాత్రిపూట లాగ్‌పుస్తకం వెనుక పేజీల్లో రాసుకున్న సంగతులివి.

సెప్టెంబరు 3

ఈ రోజు పడవను నీళ్లలోంచి పైకి తీయించాం. రెండు వెడల్పాటి పట్టీలు అడుగున వేసి క్రేను మెల్లగా ఎత్తింది. పదకొండు టన్నుల ఇల్లు గాలిలో వేలాడుతుంటే చూడటం నాకు ఇంకా అలవాటు కాలేదు. అడుగున పట్టిన నాచునీ గవ్వల్నీ నీటిధారతో కడిగి, యార్డులో స్టాండ్ల మీద నిలబెట్టారు. అడుగుకు రాగి కలిసిన రంగు రెండు పూతలు వేయాలి. ప్రొపెల్లరు కడ్డీకి బిగించే జింకు ముక్కలు మార్చాలి. ఉప్పునీటిలో రెండు లోహాలు పక్కపక్కన ఉంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. ఆ తినే పని జింకు మీద జరిగితే ప్రొపెల్లరు బతుకుతుంది. పోయినసారి పెట్టిన జింకు సగం అరిగి, చీకిన తాటిటెంకలా ఉంది.

అసలు సంగతి మధ్యాహ్నం బయటపడింది. పడవ అడుగున నీటిమట్టానికి కింద ఏడు రంధ్రాలున్నాయి. ఇంజన్‌ను చల్లబరిచే నీటికి ఒకటి, సింకుకు ఒకటి, మరుగుదొడ్డికి రెండు, ఇలా. ఒక్కోదానికి లోపల ఒక వాల్వు. ఏడింటినీ వరసగా తిప్పి చూస్తూ సింకు కిందిదాని దగ్గరికి వచ్చాను. వాల్వు బాగానే తిరిగింది. దానికి గొట్టం తగిలించే ఇత్తడి ముక్క మీద మాత్రం ఎందుకో చూపు ఆగింది. చాకు మొనతో గీకాను. పసుపు రంగు రావలసిన చోట గులాబీ రంగు కనిపించింది. ఇంకొంచెం నొక్కితే మొన లోపలికి దిగింది. ఇత్తడిలోని జింకు కరిగిపోతే మిగిలేది గుల్లబారిన రాగి. చూడటానికి ఆకారం చెక్కుచెదరదు, బలం మాత్రం ఉండదు. మా వారు వచ్చి బొటనవేలితో అటూ ఇటూ ఊపితే చేతిలోకి ఊడి వచ్చింది.

ఆ రంధ్రం వ్యాసం ఒకటిన్నర అంగుళం. నీటిమట్టానికి రెండడుగుల దిగువన ఉంది. సముద్రం మీద అది విరిగితే నిమిషానికి వంద లీటర్లకు పైగా నీరు లోపలికి వస్తుంది. ఆరేళ్లుగా ఆ సింకులో అంట్లు తోముతున్నాను. సాయంత్రానికి ఏడింటికీ మంచి కంచు అమరికలు కొనాలని తేల్చుకున్నాం. ఒక్కో వాల్వు పక్కన దాని కొలతకు సరిపోయే మెత్తని చెక్క బిరడా తాడుతో కట్టి వేలాడదీశాం. వాల్వు ఊడితే వెతుక్కునే సమయం ఉండదు.

సెప్టెంబరు 5

రంగు, రంగు, రంగు. ముక్కులో ఇంకా ఆ వాసనే ఉంది.

సెప్టెంబరు 7

పడవ మళ్లీ నీళ్లలోకి దిగింది. పడవ ఇంకా పట్టీల మీద ఉండగానే లోపలికి దూరి, ఏడు అమరికల చుట్టూ టిష్యూ కాగితం అద్ది చూశాను. అన్నీ పొడిగా ఉన్నాయి. అప్పుడు గానీ పట్టీలు విప్పమని చెప్పలేదు.

సెప్టెంబరు 9

తెరచాప స్తంభం ఎక్కాను. యాభై అడుగుల ఎత్తు. గుడ్డ కుర్చీలో కూర్చుంటే మా వారు కింద వించ్ (తాడు చుట్టి లాగే చక్రం) తిప్పుతూ తాడుతో పైకి లాగారు. రెండో తాడు విడిగా నా నడుము పట్టీకి కట్టాం. ఒకటి తెగినా రెండోది పట్టుకుంటుంది. ఇదివరకు ఎప్పుడూ ఆయనే ఎక్కేవారు. ఈసారి నేనే ఎక్కుతానన్నాను. ఆయనకు ఒంట్లో బాగోలేని రోజున పైన ఏదో విరిగితే నాకు దారి తెలిసి ఉండాలి.

స్తంభాన్ని నిలబెట్టేవి దాని చుట్టూ బిగించిన ఎనిమిది మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగలు. వాటిని పదీ పదిహేనేళ్లకు ఒకసారి మార్చాలంటారు. మావి పాత యజమాని వేయించినవి, పదమూడేళ్లవి. నిరుడు తనిఖీకి వచ్చిన ఒక పనివాడు బాగానే ఉన్నాయన్నాడు. నేను భూతద్దం పట్టుకుని ఎక్కాను. ఎడమ వైపు తీగ పైకొసన, తీగను లోహపు తొడుగులోకి నొక్కి బిగించిన చోట, వెంట్రుక మందాన గీత కనిపించింది. గోరు పెట్టి లాగితే గోరు తట్టుకుంది. తుప్పు రంగు చుక్క ఒకటి దాని కింద ఉంది. పగులు.

ఫోటో తీసుకుని కొంతసేపు పైనే కూర్చున్నాను. అక్కడి నుంచి బే బ్రిడ్జి, దాని వెనుక నగరం, ఆ వెనుక గోల్డెన్ గేట్ దగ్గర పొగమంచు గోడ కనిపిస్తున్నాయి. కింద ఆయన మెడ వెనక్కి వాల్చి నన్నే చూస్తున్నారు. తాడు మీది నుంచి చేయి తీయలేదు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఒకరి బరువు ఒకరం ఇంత అక్షరాలా మోసిన సందర్భం గుర్తులేదు.

తీగలన్నీ మార్చాలి. పది రోజులు పడుతుంది. ఎంత ఖర్చయినా సరే, ఇక ఆలోచించేది లేదు.

సెప్టెంబరు 11

కాకినాడకు ఫోను. అమ్మకు 81 ఏళ్లు, తమ్ముడి దగ్గర ఉంటుంది. ఇన్నాళ్లూ నేను వాయిదా వేస్తున్న మాట ఇదే. అమెరికాలో ఉండటం ఒక దూరం. ఫోను మోగని సముద్రం మీద ఉండటం వేరే దూరం.

మా తాతయ్య, అంటే అమ్మ నాన్న, కాకినాడ జగన్నాథపురంలో నాటు పడవల మీద కళాసీ. అక్కడ తీరం దగ్గర లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా లంగరేసుకుని నిలబడేవి. సరుకంతా కాలువలోంచి పడవల్లో వాటి దగ్గరికి వెళ్లేది. నా ఎనిమిదో ఏట ఒక సెలవురోజు ఆయన నన్ను పడవ ముందు కొసకు తీసుకెళ్లి లంగరు గొలుసు మీద నా చేయి పెట్టించారు. ‘లంగరు పట్టుకుంటే గొలుసు నిదానంగా బిగుస్తుంది, వదులవుతుంది. జారుతుంటే గరగరమని వణుకుతుంది. కళ్లకు తెలియదు, చేతికి తెలుస్తుంది’ అన్నారు. ఇప్పటికీ నేను అలాగే చూస్తాను.

అమ్మకు అంతా వివరంగా చెప్పాను. మెక్సికో తీరం వెంబడి ఉన్నంతకాలం ఎక్కడ ఉన్నా రెండు మూడు రోజుల్లో విమానం అందుకోవచ్చు. పసిఫిక్ దాటేటప్పుడు మాత్రం దాదాపు 2,800 నాటికల్ మైళ్లు (సముద్రపు మైలు 1.85 కిలోమీటర్లు), మూడు నాలుగు వారాలు. మధ్యలో వెనక్కి తిరగడం ఉండదు. గాలి అటే వీస్తుంది. ‘ఆ సమయంలో నీకేమైనా అయితే నేను రాలేనమ్మా’ అన్నాను. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి నాకు నెల పట్టింది.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: ‘మీ తాతయ్య పొద్దు వాలినా రాకపోతే మా అమ్మ కాలువ గట్టున కూర్చునేది. ఆవిడకు కబురు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. నువ్వు రోజుకు ఒక్క మాట పంపు. చాలు.’ ఆపైన అడిగింది: ‘గొలుసు ఎంత పొడవుంది?’

ఎనభై మీటర్లు అని చెప్పాను. పది మిల్లీమీటర్ల గొలుసు, పాతిక కిలోల లంగరు. ‘సరిపోతుందిలే’ అంది.

జనవరిలో పడవను మెక్సికోలోని లా పాజ్‌లో వదిలి నెల రోజులు కాకినాడ వెళ్లి, అమ్మ దగ్గర ఉండి వచ్చాకే పసిఫిక్ సంగతి తేల్చాలని మేమిద్దరం ఒప్పందానికి వచ్చాం. అప్పటికి ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంటే అలా.

సెప్టెంబరు 13

అద్దె ఇంటి తాళాలు ఇచ్చేశాం. పుస్తకాలు గ్రంథాలయానికి, మంచాలు, బల్లలు స్నేహితులకు వెళ్లాయి. ఫోటోలన్నీ స్కాన్ చేయించి షికాగోలో ఉన్న మా అమ్మాయికి పెట్టెతో పంపాం. పట్టుచీరలు రెండు ఉంచుకున్నాను. మిగతావి అమ్మాయి దగ్గరికే. అంతకంటే రాయవలసింది లేదు. వస్తువులు వదలడం కష్టమని అందరూ అన్నారు. నాకు వాటికంటే ఆ గులాబీ రంగు ఇత్తడి ముక్కే నిద్రపట్టనివ్వలేదు.

సెప్టెంబరు 14

ఈ రోజు గురించి పూర్తిగా రాయాలి.

ఇద్దరే నడిపే పడవ మీద అందరూ అడిగే ప్రశ్న తుఫాను గురించి. తెలిసినవాళ్లు అడిగేది వేరే: ఒకరు నీళ్లలో పడితే రెండోవారు ఏం చేస్తారు? గోల్డెన్ గేట్ బయట నీటి ఉష్ణోగ్రత 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలిలో పడిన మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. పది పదిహేను నిమిషాల్లో వేళ్లు పనిచేయవు. తాడు అందించినా పట్టుకోలేరు. పడవను తిప్పి మనిషి దగ్గరికి తేవడం సగం పనే. నీళ్లలో తడిసి బరువెక్కిన మనిషిని నాలుగడుగుల ఎత్తుకు ఎక్కించడం అసలు పని. నేను 55 కిలోలు. ఆయన 84.

ట్రెజర్ ఐలండ్ పక్కన క్లిప్పర్ కోవ్ అనే ప్రశాంతమైన మలుపులో లంగరేశాం. మా వారు ఈత సూటు, దాని మీద లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లలోకి దిగారు. స్పృహ లేనివారిలా చేతులు వదిలేసి తేలాలని, నాకు ఏ సాయం చేయకూడదని ముందే అనుకున్నాం. పక్క పడవ పెద్దాయన చిన్న రబ్బరు పడవలో దగ్గరే ఉన్నారు. ఆయన, ఆయన భార్య ఇరవై ఏళ్ల కిందట పసిఫిక్ దాటినవాళ్లు.

గడియారం చూసి మొదలుపెట్టాను. కొక్కెం కర్రతో ఆయన్ని పడవ పక్కకు లాక్కున్నాను. తెరచాపను పైకెత్తే తాడు కొస తెచ్చి లైఫ్ జాకెట్ ముందున్న ఇనుప కడియానికి తగిలించాలి. బోర్లా పడుకుని చేయి చాపితే ఆరంగుళాలు తక్కువయింది. అలకు ఆయన అవతలికి జరిగారు. మళ్లీ లాగాను. మూడోసారికి తగిలింది. తాడును వించ్‌కు చుట్టి తిప్పడం మొదలుపెట్టాను. ఆయన భుజాలు నీళ్లలోంచి లేచాయి. అంతే, తాడు చుట్టు మీద చుట్టు ఎక్కి బిగుసుకుపోయింది. ముందుకూ పోదు, వెనక్కూ రాదు. సగం నీళ్లలో, సగం గాలిలో ఆయన వేలాడుతున్నారు. కళ్లు మూసుకునే ఉన్నారు, మాట ప్రకారం. ఆ మూసిన కళ్లు చూసి నాకు చేతులు వణికాయి.

రెండో తాడు తెచ్చి, బిగిసిన దాని బరువు దాని మీదికి మార్చి, చుట్లు విప్పి మళ్లీ ఎత్తేసరికి పద్నాలుగు నిమిషాలు. బయట సముద్రంలో అయితే మా ఆయన లేరు.

డెక్కు మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాక ‘ఇంకోసారి చేద్దామండీ’ అన్నాను. ‘నీకు ఓపిక ఉందా?’ అన్నారు. ఓపిక మాట కాదని ఆయనకూ తెలుసు. పెద్దాయన తన పడవలోంచి కప్పీల జత ఒకటి తెచ్చి ఇచ్చారు. నాలుగు మడతల తాడు. ఒక కొసను ఎత్తే తాడుకు కట్టి ముందే పైకి లాగి ఉంచితే, రెండో కొస కొక్కెం నీటి దాకా దిగుతుంది. 84 కిలోల బరువు చేతికి ఇరవై చిల్లరగా తెలుస్తుంది. కొక్కేన్ని కర్ర కొసకు కట్టాం, చేయి చాపే పని లేకుండా. రెండోసారి ఆరు నిమిషాలు. మూడోసారి నాలుగున్నర. తర్వాత నేను నీళ్లలోకి దిగాను, ఆయన ఎత్తారు. ఆయనకు మూడు నిమిషాలు చాలలేదు. మగవాళ్లకు సులువే అనుకునే పని అది కాదు.

రాత్రి భోజనం దగ్గర ఒక నియమం రాసుకున్నాం. ఒకరు నిద్రపోతున్నప్పుడు రెండోవారు చుక్కాని పట్టి కూర్చునే చోటయిన కాక్‌పిట్ దాటి అడుగు పెట్టకూడదు. ఏ పని ఉన్నా, ఎంత చిన్నదయినా, ముందు లేపాలి. చీకటి పడ్డాక నడుము పట్టీ తాడు డెక్కుకు తగిలించకుండా మెట్లు ఎక్కకూడదు. ఇద్దరి ప్రయాణం అని పైకి అంటాం గానీ, మూడేసి గంటల కాపలా వంతుల్లో ఒకరు పడుకుంటే రెండోవారు ఒక్కరే. సగం సముద్రం ఆయన ఒంటరిగా దాటుతారు, సగం నేను దాటుతాను. మా సన్నాహమంతా ఆ ఒంటరితనానికే.

భారత నౌకాదళానికి చెందిన 56 అడుగుల తెరచాప పడవ తరిణిలో లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప ఇద్దరే 2024 అక్టోబరు 2న గోవా నుంచి బయలుదేరి, కేప్ హార్న్ చుట్టి, 2025 మే చివర్లో తిరిగి వచ్చారు. 25,000 నాటికల్ మైళ్లకు పైగా, కేవలం ఇద్దరు. అంతకుముందు 2017-18లో అదే తరిణి మీద ఆరుగురు మహిళలు భూమిని చుట్టి వచ్చినప్పుడు వారిలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఆ రోజుల్లో నేను ఇంకా పడవ నేర్చుకుంటున్నాను. వాళ్ల ప్రయాణ పటం వంటగది గోడకు అంటించుకుని, ఏ వారం ఎక్కడున్నారో గుర్తు పెట్టేదాన్ని. చివరి అంచెలో వాళ్ల చుక్కాని యంత్రం పాడై మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. అది చదివిన రోజే నేను నేర్చుకుంటున్న పడవలో అత్యవసర చుక్కాని పిడి ఎక్కడుందో వెతికాను. ఆ వెతకడం నుంచే నేను పడవ మీద ప్రయాణికురాలిగా ఉండటం మానేశానని అనుకుంటాను.

సెప్టెంబరు 20

కొత్త తీగలు బిగించారు. ఒక్కోదాన్ని నేనే ఎక్కి చూశాను. ఇక సముద్రంలో పరీక్ష మిగిలింది.

సెప్టెంబరు 21-22

సాయంత్రం గోల్డెన్ గేట్ దాటి, ఫారలాన్ దీవుల వైపు రాత్రంతా నడిపి, తెల్లారాక డ్రేక్స్ బే చేరాలని పథకం. తీగలు, గాలి చుక్కాని, మేము, అందరికీ పరీక్షే. గాలి చుక్కాని మా పడవ వెనుక బిగించిన యంత్రం. దానికి కరెంటు అక్కర్లేదు. పైన పలుచని రెక్క గాలి వైపు తిరిగి ఉంటుంది. పడవ దారి తప్పితే గాలి ఆ రెక్కను ఒరగదోస్తుంది. ఆ కదలిక నీళ్లలోని తెడ్డును తిప్పుతుంది. పారే నీటి బలం తెడ్డును పక్కకు తోసి, తాళ్ల ద్వారా చుక్కానిని లాగి పడవను దారికి తెస్తుంది. దాని పేరు సరంగు. రాత్రంతా నిద్రపోకుండా పనిచేసే మూడో మనిషికి అంతకంటే తగిన పేరు దొరకలేదు.

అర్ధరాత్రి నుంచి మూడింటి దాకా నా వంతు. వాయువ్యం నుంచి 18 నాట్ల గాలి (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). ప్రధాన తెరచాప రెండు మడతలు తగ్గించి ఉంది. ఒంటి గంట తర్వాత ఉత్తరాన ఒక తెల్ల దీపం, దాని కింద ఇంకో తెల్ల దీపం, పక్కన ఎర్ర చుక్క. కంటైనర్ ఓడ. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఓడలు వచ్చే మూడు దారులూ ఈ నీళ్లలోనే కలుస్తాయి. చుట్టుపక్కల ఓడల వివరాలు చూపే తెర మీద దాని పొడవు 300 మీటర్లు, వేగం 19 నాట్లు అని చూపిస్తోంది. తెరను పక్కన పెట్టి చేతి దిక్సూచి తీసుకున్నాను. ఆ దీపం ఉన్న దిక్కు 352 డిగ్రీలు. మూడు నిమిషాలాగి మళ్లీ చూశాను. 352. ఇంకో మూడు నిమిషాలకు 351. దూరం తగ్గుతూ దిక్కు మారకపోతే రెండు ఓడలూ ఒకే చోటికి వెళ్తున్నట్టు. ఆయన్ని లేపాలా అని ఒక్క క్షణం అనిపించింది. లేపడం తప్పు కాదు. కానీ ఏం చేయాలో నాకు తెలుసు.

రేడియో తీసి ఓడను దాని పేరుతో పిలిచాను. మా పేరు అక్షరాలు విప్పి చెప్పాను: గోల్ఫ్, ఆల్ఫా, యూనిఫామ్, టాంగో, ఆల్ఫా, మైక్, ఇండియా. రెండోసారికి ఒక నెమ్మదైన గొంతు పలికింది. మేము తెరచాపల మీద ఉన్నామని, ఇద్దరమే ఉన్నామని, మా దారి ఇదని చెప్పాను. తను ఎడమవైపు తిరిగి మా వెనుక నుంచి వెళ్తానన్నాడు. నాలుగు నిమిషాల తర్వాత ఆ రెండు తెల్ల దీపాలు ఒకదానికొకటి జరిగి, ఎర్ర చుక్క మాయమై ఆకుపచ్చది వెలిగింది. అప్పుడు దిక్కు మారడం మొదలయింది. ఓడ మా వెనుకగా మైలు దూరంలో వెళ్లింది. దాని ఇంజన్ చప్పుడు చెవికంటే ముందు కాళ్ల కింద తెలిసింది.

మూడింటికి టీ పెట్టి ఆయన్ని లేపి చెప్పాను. ‘నన్ను లేపకపోయావా?’ అన్నారు. తర్వాత లాగ్‌పుస్తకంలో నేను రాసిన దిక్కుల వరస చదివి, ‘బాగా చేశావు’ అని కాక్‌పిట్‌లోకి వచ్చి తాడు తగిలించుకున్నారు. నేను ఆయన వదిలిన వెచ్చని పక్కలో పడుకుని సూర్యుడు వచ్చేదాకా లేవలేదు.

డ్రేక్స్ బేలో తెల్లని కొండల కింద లంగరేసి తీగలన్నీ మళ్లీ తనిఖీ చేశాం. గాలికి అవతలి వైపు తీగలు కొంచెం వదులయ్యాయి. కొత్త తీగలు సాగడం మామూలే. బిగించాం.

సెప్టెంబరు 24

సరుకులు. అట్టపెట్టెలు ఒక్కటి కూడా పడవ ఎక్కనివ్వలేదు. వాటి మడతల్లో బొద్దింకల గుడ్లు వస్తాయి. నలభై కిలోల బియ్యం ఐదేసి కిలోల చొప్పున గాలి తీసిన సంచుల్లో వేసి, బరువు కిందా మధ్యా ఉండేలా సర్దాను. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఎండుమిరప, ఇంగువ. డబ్బాల మీది కాగితాలు తేమకు ఊడిపోతాయి గనక మూతల మీద సిరాతో పేర్లు రాశాను. కూరగాయలు అయిపోయాక పచ్చదనం కోసం పెసలు ఉన్నాయి, తడిగుడ్డలో రెండు రోజులకు మొలకెత్తుతాయి. మంచినీటి ట్యాంకు 400 లీటర్లు. అంట్లు ముందు సముద్రపు నీటితో తోమి, చివర ఒక్క గ్లాసు మంచినీటితో తొలపడం నెల రోజులుగా అలవాటు చేసుకుంటున్నాం.

గ్యాసు సంగతి ఒకటి రాయాలి. ప్రొపేన్ గాలికంటే బరువు. ఇంట్లో లీకైతే కిటికీ తెరుస్తాం. పడవలో అది అడుగుకు దిగి అక్కడే కూర్చుంటుంది. అందుకే సిలిండరు బయట విడి గదిలో ఉంటుంది. వంట అయిన ప్రతిసారీ మీట నొక్కి సిలిండరు దగ్గరే ఆపాలి. ఆ మీట పక్కన ఎర్ర రంగుతో ‘ఆపావా?’ అని తెలుగులో రాశాను.

సెప్టెంబరు 25

కాగితాలు. తూర్పు పసిఫిక్‌లో తుఫానుల కాలం మే 15 నుంచి నవంబరు 30 దాకా. నవంబరు 1కి ముందు మెక్సికో దక్షిణ తీరానికి వెళ్తే మా బీమా చెల్లదు. అందుకే అక్టోబరంతా కాలిఫోర్నియా తీరం వెంట నెమ్మదిగా దిగుతాం. శాండియాగోకు 450 నాటికల్ మైళ్ల దూరం ఉంది. మొదటి మెక్సికో రేవు ఎన్సెనాడా. అక్కడ పడవకు పదేళ్ల తాత్కాలిక దిగుమతి అనుమతి చూపించాలి. సాయంత్రం పంటి వైద్యుడి దగ్గర చివరి తనిఖీ, రక్తపోటు మాత్రలు ఆరు నెలలకు. అత్యవసర సంకేతం పంపే బీకన్ రిజిస్ట్రేషన్‌లో అమ్మాయి ఫోను నంబరు సరిచూశాం. మీట నొక్కితే సంకేతం ఉపగ్రహం ద్వారా రక్షణ కేంద్రానికి చేరుతుంది. అక్కడివాళ్లు ఫోను చేసేది ఆ నంబరుకే.

సెప్టెంబరు 27

రేపు కుదురుతుంది. వాయువ్య గాలి 10 నుంచి 15 నాట్లు. బయట అలలు ఐదడుగులే, వాటి మధ్య 13 సెకన్లు. ఐదడుగుల అల ఏడు సెకన్లకు ఒకటి వస్తే గోడలా కొడుతుంది. పదమూడు సెకన్లకు ఒకటి వస్తే పడవ దాన్ని ఎక్కి దిగుతుంది. ఎత్తుకంటే ఆ అంతరమే ఎక్కువ చెబుతుంది.

రాత్రి రేవులో అందరూ తలా ఒక వంటకం తెచ్చారు. నేను పులిహోర చేశాను. పెద్దాయన కప్పీల జత తిరిగి తీసుకోనన్నారు. ఆయన భార్య నా చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆవిడ మళ్లీ సముద్రానికి వెళ్లలేరు, మోకాళ్లు సహకరించవు.

సెప్టెంబరు 28

ఐదున్నరకు తాళ్లు విప్పాం. అఖాతంలోంచి నీరు బయటికి లాగే పాటు వేళ చూసుకుని, పడమటి గాలి లేవకముందే గోల్డెన్ గేట్ దాటాలి. పాటుకు గాలి ఎదురైతే అక్కడ అలలు నిటారుగా లేస్తాయి. పడవ వేగం ఐదున్నర నాట్లు. వంతెన దగ్గరికి వచ్చేసరికి పాటు సాయం కలిసి, అడుగు నేలతో పోల్చిన వేగం తొమ్మిది నాట్లు చూపించింది. తల మీద రోడ్డు పొగమంచులో కనిపించలేదు. కార్ల హోరు మాత్రం పైనుంచి కారుతున్నట్టు వినిపించింది. వంతెన బూర గంభీరంగా మోగుతూ ఉంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నేను చుక్కాని దగ్గర, ఆయన ముందు కొసన, చేత్తో బూర పట్టుకుని.

కుడి పక్క పొటాటో ప్యాచ్ అనే లోతు తక్కువ తిన్నె ఉంది. అలలు అక్కడ విరుగుతాయి. దానికి దూరంగా కాలువ మధ్యలోనే ఉండి, దారి గుర్తుగా నీళ్ల మీద తేలే బాయిల వరస దాటాక దక్షిణానికి తిప్పాం. పది గంటలకు మంచు విడింది. గాలి వెనుక నుంచి మెల్లగా వచ్చింది. ఇంజన్ ఆపాం. సరంగు పని అందుకుంది. ఆ నిశ్శబ్దంలో పడవ పక్కన నీళ్లు జారే చప్పుడు మొదట వినిపించింది. మా వారు ఒక అరగంట ముఖం అవతలికి తిప్పుకుని కూర్చున్నారు. నేను ఏమీ అడగలేదు. దగ్గరికి వెళ్లి పక్కన కూర్చున్నాను.

నాలుగింటికి పిల్లర్ పాయింట్ రేవు. రాళ్ల అడ్డుగోడ లోపల, ఇంకో తొమ్మిది పడవల మధ్య లంగరేశాం. లోతు ఆరు మీటర్లు. ఇంజన్‌తో వెనక్కి లాగి లంగరు పట్టిందో లేదో చూశాం. మా వారు ఒడ్డు మీద రెండు గుర్తులు ఎంచుకుని వరస చూశారు. నేను ముందు కొసకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని గొలుసు మీద చేయి పెట్టాను. చల్లగా ఉంది. నిదానంగా బిగిసి, ఒక నిమిషం నిలిచి, వదులయింది.

రాత్రి తొమ్మిదిన్నర. ఆయన నిద్రపోతున్నారు. మొదటి కాపలా నాది. కాకినాడలో ఇప్పుడు ఉదయం పది గంటలు. తమ్ముడి ఫోనుకు అమ్మ కోసం ఒక్క మాట పంపాను: లంగరు పట్టింది.

ఐదు నిమిషాలకు జవాబు వచ్చింది: అమ్మ అడుగుతోంది, గొలుసు ఎంత వదిలావు?

ముప్ఫై అయిదు మీటర్లు, అని రాశాను.